నదికి గోడ కట్టాలా, చోటివ్వాలా? నగర వరదలకు డిజైన్ ఎంచుకునే ముందు

నగరం మునిగిన మర్నాడు అందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: గోడ ఎత్తు పెంచండి, కాలువకు సిమెంట్ చేయండి. కొన్నాళ్లకు ప్రతిపాదనలు బల్ల మీదికి వస్తాయి. ఒకదాంట్లో నది పొడవునా కాంక్రీట్ గోడ, దాని మీద నడకదారి, వరసగా దీపాలు. ఇంకోదాంట్లో గడ్డి గట్లు, చెట్లు, నీళ్లలో ఆడుకునే పిల్లలు. మూడోది ఊరంతా ఇంకుడు తోటలు పెడదామంటుంది. బొమ్మలు చూసి ఎంచుకోమంటే చాలామంది రెండోదాని మీదే వేలు పెడతారు. కానీ ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఎండే కాస్తుంది. వరద వచ్చిన రాత్రి ఆ చోటు ఎలా ఉంటుందో ఎవరూ గీయరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్థలం ఉన్నచోట నీటికి స్థలం ఇవ్వడాన్ని మించిన పెట్టుబడి లేదు. స్థలం లేనిచోట, లేదని ఒప్పుకుని గోడ కట్టడంలో తప్పు లేదు. ఈ రెంటికీ మధ్యలో, ఇరుకు కాలువలో మొక్కలు నాటి నది పునరుద్ధరణ అని పేరు పెట్టడం మాత్రం ప్రమాదం. ఎందుకో లెక్కతో సహా కింద రాశాను.

మీది ఏ వరద?

నగరాన్ని ముంచే నీళ్లు ఒక్క దారిన రావు. ఎక్కడో ఎగువన వాన పడి నది పొంగి గట్టు దాటవచ్చు. నది మామూలుగానే ఉన్నా, ఊళ్లో పడ్డ వానను డ్రెయిన్లు మోయలేక వీధులు నిండవచ్చు. సముద్రపు పోటు వల్లో, పెద్ద నదిలో మట్టం పెరిగో కాలువ నీళ్లు బయటికి పోలేక వెనక్కి తన్నవచ్చు. చాలా నగరాల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి. అయినా ఎక్కువ నష్టం దేనివల్లో తేల్చుకోకుండా డిజైన్ ఎంచుకుంటే డబ్బు తప్పు చోట పడుతుంది. వీధి వాన సమస్యకు నది గోడ కడితే ఏమవుతుందో ఊహించండి: నది లోపలికి రాదు, వాన బయటికి పోదు. గోడ వెనక నీళ్లు నిలబడితే మోటార్లు పెట్టి తోడాలి, వరద రాత్రి కరెంటు ఉంటేనే ఆ మోటార్లు తిరుగుతాయి.

తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. గత రెండు మూడు ముంపుల్లో నీళ్లు ముందు ఎక్కడ కనిపించాయి, ఎటునుంచి ఎటు పారాయి, ఎన్ని గంటలు నిలిచాయి అని ఆ వీధివాళ్లను అడిగి మ్యాప్ మీద గుర్తులు పెట్టండి. వాన మొదలైన గంటలోపే మునిగితే అది వీధి వరద. వాన తగ్గాక, ఒక్కోసారి మర్నాడు మునిగితే అది నది వరద. కంప్యూటర్ మోడల్ ఎలాగూ కావాలి, కానీ ఆ మోడల్ సరైందో కాదో చెప్పగలిగేది ఈ మ్యాపే.

'వందేళ్ల వరదకు సరిపడేలా కడతాం' అనే మాట గురించి ఇక్కడే ఒక సంగతి. వందేళ్లకోసారి వస్తుందని దానర్థం కాదు. ఏటా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. అంతకన్నా పెద్దదీ రావచ్చు. అందుకే ఏ ప్రతిపాదన వచ్చినా నేను ముందు అడగమనే ప్రశ్న ఇది: మీ లెక్క దాటి నీళ్లొస్తే అవి ఎటు పోతాయి? దీనికి సూటిగా జవాబు ఇవ్వలేని డిజైన్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయవచ్చు.

గోడ, కాంక్రీట్ కాలువ

దీని బలం స్పష్టం. తక్కువ స్థలం చాలు, లెక్క కచ్చితంగా తేలుతుంది, త్వరగా కట్టవచ్చు. లాస్ ఏంజెలెస్‌లో 1938 వరద తర్వాత అమెరికా ఆర్మీ ఇంజనీర్లు దాదాపు 80 కి.మీ. నదిని చాలామటుకు కాంక్రీట్ తొట్టిగా మార్చేశారు. నీళ్లు పారించే పనిని అది ఇప్పటికీ చేస్తోంది.

మరి దాని బలహీనతలు? నీళ్లు వేగంగా పోతాయి కాబట్టి ఎగువన తగ్గిన వరద దిగువ ఊళ్ల మీదికి ఒక్కసారిగా వెళ్తుంది. నున్నటి గోడల మధ్య పడ్డ మనిషి పట్టుకుని పైకి రావడానికి ఏమీ దొరకదు. వేసవిలో వెడల్పాటి సిమెంట్ నేల మీద చీలమండ కూడా మునగని వేడి నీటి పొర పారుతుంది, అందులో చేప బతకదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మనుషులతోనే: గోడ కట్టగానే దాని వెనక ఇళ్లు లేస్తాయి. అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940ల నుంచే ఈ సంగతి చెబుతూ వచ్చారు. గోడ ఉందన్న ధీమాతో కట్టిన ఇళ్లన్నీ, గోడ తెగిన రోజున ఒకేసారి మునుగుతాయి. మట్టి కరకట్ట అయితే ఇంకా ఘోరం. నీళ్లు పైనుంచి దాటడం మొదలైతే అవతలి వాలు కోసుకుపోయి గండి పడుతుంది.

అయినా పాత ఆసుపత్రి, పంపుహౌస్, కదల్చలేని ఇళ్లు ఒడ్డునే ఉన్నచోట గోడ తప్పదు. అలాంటి కొద్ది దూరం వరకు గోడ కట్టి, మిగతా చోట వేరే దారి చూడటం మంచిది. నది పొడవునా గోడ అంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

నదికి చోటివ్వడం

గట్టును వెనక్కి జరపడం, ఒడ్డు నేలను తవ్వి కిందికి దించడం, పక్కన ఇంకో పాయ తవ్వడం. ఇక్కడ చేసే పనంతా నీటిమట్టాన్ని తగ్గించడానికే. దీన్ని పెద్ద ఎత్తున చేసింది నెదర్లాండ్స్. 1993లో, మళ్లీ 1995లో నదులు ఉప్పొంగాయి. 1995లో సుమారు 2.5 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. శతాబ్దాలుగా కరకట్టలతో బతికిన దేశం అప్పుడు కరకట్టలు పెంచుకుంటూ పోవడం ఆపి, ముప్పైకి పైగా చోట్ల నదికి స్థలం తిరిగిచ్చే కార్యక్రమం పెట్టుకుంది.

అందులో నైమేగెన్ నగరం దగ్గర చేసిన పని చూడదగ్గది. వాల్ నది అక్కడ మలుపు తిరుగుతూ సన్నబడుతుంది. గరాటు మెడలా ఉన్న ఆ చోట వరద వెనక్కి ఎగదన్నేది. గట్టును 350 మీటర్లు లోపలికి జరిపి, మధ్యలో కొత్త పాయ తవ్వారు. పాత ఒడ్డు ఒక లంకగా మిగిలింది. పెద్ద వరదలో నీటిమట్టం సుమారు 35 సెంటీమీటర్లు తగ్గుతుంది. 35 సెంటీమీటర్లేనా అనిపిస్తుంది. కానీ కరకట్ట అంచున నిలబడ్డ నీటికి అది ఊరు మునగడానికీ మునగకపోవడానికీ ఉన్న తేడా. మిగతా ఏడాదంతా ఆ లంక, ఆ పాయ నగరానికి పార్కుగా పనికొస్తున్నాయి.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా చెప్పాలి. అక్కడ యాభై దాకా ఇళ్లు తీసేయాల్సి వచ్చింది, ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. నది ఒడ్డున బతికేవాళ్లు చాలా నగరాల్లో పేదవాళ్లే. వాళ్లను దూరంగా విసిరేసి, ఖాళీ అయిన చోట నడకదారులు, ఎదురుగా ఖరీదైన అపార్ట్‌మెంట్లు లేపితే దాన్ని వరద రక్షణ అనడానికి నాకు నోరు రాదు. కొత్త ఇల్లు, బడి, పని దగ్గర్లోనే చూపించడం ప్రాజెక్టు ఖర్చులో భాగం. ఆ ఖర్చు కలిపాక కూడా ఈ దారే మేలనిపిస్తే, అప్పుడు దీన్ని మించింది లేదు.

కాంక్రీట్ తీసేసి వాగును వాగులా చేయడం

అందరూ ఇష్టపడేది ఇదే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కాలువలో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టడానికి ఇంజనీర్లు వాడే మానింగ్ సూత్రంలో గరుకుదనానికి ఒక అంకె ఉంటుంది. నున్నటి కాంక్రీట్‌కు సుమారు 0.015. రాళ్లు, గడ్డి, పొదలు ఉన్న వాగుకు 0.045 దాకా వేసుకోవాలి. అంటే అదే వెడల్పు, అదే లోతు, అదే వాలు ఉంచి కాంక్రీట్ బదులు పచ్చదనం పెడితే, నీళ్లు మూడో వంతు వేగంతోనే కదులుతాయి. సెకనుకు 100 ఘనపు మీటర్లు మోసిన కాలువ ఇప్పుడు 33 మోస్తుంది. మిగతా 67 పక్క వీధుల్లోకి వస్తాయి. ఇరుకు కాలువలో మొక్కలు నాటడం ప్రమాదమని మొదట్లో అన్నది అందుకే. వేగం తగ్గడం మంచిదే, దిగువ ఊళ్లకు అది మేలు చేస్తుంది. కానీ తగ్గిన వేగానికి సరిపడా వెడల్పు పెరగాలి.

సింగపూర్‌లోని బిషాన్ పార్కులో సరిగ్గా ఇదే చేశారు. కల్లాంగ్ నది అక్కడ 2.7 కి.మీ. తిన్నని కాంక్రీట్ కాలువ. పక్కనే పాత పార్కు, రెంటికీ మధ్య కంచె. కంచె తీసేసి కాలువనూ పార్కునూ ఒకే చోటుగా కలిపేశారు. వంపులు తిరుగుతూ 3.2 కి.మీ. పారే వాగు 2012లో సిద్ధమైంది. మామూలు రోజుల్లో నీళ్లు నడుమనున్న సన్నపాయలో పారతాయి. పెద్ద వాన పడితే పచ్చిక మీదికి విస్తరించి 100 మీటర్ల దాకా వెడల్పవుతాయి. అంత గరుకైన ఒడ్లున్నా మోసే సామర్థ్యం పాత కాలువ కన్నా 40 శాతం దాకా పెరిగింది, ఎందుకంటే పార్కు స్థలం మొత్తం నదికి దొరికింది. ఒడ్లు కోసుకుపోకుండా పట్టుకునే పద్ధతులను ముందు ఒక చిన్న పక్క కాలువ మీద వాడి చూశారు. రాళ్లు, కొమ్మల కట్టలు, రాళ్లు నింపిన తీగవల పెట్టెలు, వేళ్లతో మట్టిని పట్టే మొక్కలు: పదింటిని పరీక్షించి పనికొచ్చినవే నది మీద వాడారు. పగలగొట్టిన కాంక్రీట్‌ను పారేయకుండా పార్కులోనే గుట్టగా పేర్చారు. నీళ్లు పెరిగితే హెచ్చరించడానికి సెన్సర్లు, సైరన్లు పెట్టారు. ఈ చివరిది అలంకారం అనుకోకండి. మనుషులను నీళ్ల దగ్గరికి పిలిచే ఏ డిజైన్‌కైనా వాళ్లను వెనక్కి పంపే ఏర్పాటు ఉండి తీరాలి.

మ్యూనిక్‌లో ఇసార్ నది మీద 2000 నుంచి 2011 దాకా 8 కి.మీ. మేర ఇలాంటి పనే చేశారు. ఒడ్ల రాతిపేర్పును తీసి, గులకరాళ్ల దిబ్బలు ఏర్పడే వీలు కల్పించారు. ఇప్పుడు అక్కడ జనం ఈత కొడతారు. కానీ ఆ స్వేచ్ఛ వెనక రెండు పనులున్నాయి. ఎగువన 1959 నుంచీ సిల్వెన్‌స్టైన్ జలాశయం పెద్ద వరదను ఆపి పెడుతోంది. ఎగువన ఉన్న మురుగు శుద్ధి కేంద్రాల్లో అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే ఏర్పాటు చేశారు. ఫొటో చూసి 'మాకూ ఇలాగే కావాలి' అనేవాళ్లు ఈ రెండూ తమ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మురుగు సంగతి తేల్చకుండా నది అందం మీద ఖర్చు పెట్టకూడదని గట్టిగా చెప్పడానికి జర్మనీలోని ఎంషర్ చాలు. రూర్ బొగ్గు గనుల ప్రాంతంలో నేల కుంగుతుండటంతో భూగర్భ పైపులు వేయలేక, ఆ నదినే వందేళ్లకు పైగా మురుగు కాలువగా వాడారు. గనులు వేరే వైపుకు జరిగి, అక్కడ నేల కుంగడం ఆగాక, 1990ల్లో పని మొదలుపెట్టి, ముందు 51 కి.మీ. భూగర్భ మురుగు సొరంగం తవ్వారు. 2021 చివరికి గానీ నదికి మురుగు నుంచి విముక్తి కలగలేదు. మురుగు తప్పించిన ఉపవాగుల్లో ఒడ్ల కాంక్రీట్ తీసి మెలికలు తిప్పడం జరుగుతూ వచ్చింది. ముప్పై ఏళ్లు. తొందర ఉన్నవాళ్లకు నచ్చే అంకె కాదు, కానీ పని వరస మాత్రం అదే.

సియోల్‌లోని చోంగ్‌యేచోన్ గురించి కూడా ఇక్కడే. ఎత్తైన రహదారిని కూల్చి, దాని కింద కప్పెట్టిన వాగును 2005లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. నగరం నడిబొడ్డున 5.8 కి.మీ. నీళ్లు పారడం చూడముచ్చటగానే ఉంటుంది, చుట్టుపక్కల వేడి కూడా తగ్గింది. పెద్ద వరదను మోసే లెక్కతోనే కట్టారు. అయితే అందులో పారేవి ఎక్కువగా హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసే నీళ్లు. నగరానికి ప్రాణం పోసిన పార్కుగా దానికి పూర్తి మార్కులు వేస్తాను, నది పునరుద్ధరణగా సగమే. ఏటా కరెంటు ఖర్చు భరించగలిగే నగరం మాత్రమే ఆ దారి పట్టాలి.

ఊరంతా నీళ్లు పట్టి ఉంచడం

ఇంకుడు తోటలు, నీళ్లు ఇంకే పేవ్‌మెంట్లు, చెరువు పార్కులు, వానలో చెరువయ్యే ఆటస్థలాలు. చైనాలో స్పాంజ్ సిటీ అన్న పేరుతో 2015 నుంచి పెద్ద ఎత్తున సాగుతున్నది ఈ దారే. వీధి వరదకు సరైన మందు ఇదే, మోతాదు తెలిస్తే.

లెక్క చాలా సులువు. ఒక హెక్టారు మీద 100 మి.మీ. వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీరు. ఒక చదరపు కిలోమీటరు కాలనీలో అందులో 80 శాతం పారితే 80,000 ఘనపు మీటర్లు. రోటర్‌డామ్‌లో 2013లో కట్టిన బెంథెంప్లైన్ నీటి చౌక్ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మామూలు రోజుల్లో అది బాస్కెట్‌బాల్ కోర్టు, మెట్లు. వానలో తొట్టి. అందులో పట్టేవి సుమారు 1,700 ఘనపు మీటర్లు. అంటే అదే వానలో దాదాపు రెండు హెక్టార్ల మీంచి పారే నీళ్లు. పైన చెప్పిన కాలనీకి అలాంటివి దాదాపు 47 కావాలి. అది చెడ్డ డిజైన్ అని కాదు, చాలా మంచి డిజైన్. ఒక్కటి కట్టి వరద సమస్య తీరిందనుకోవడమే కుదరదు.

2021 జూలై 20న చైనాలోని జెంగ్‌జౌలో ఒక్క గంటలో 201.9 మి.మీ. వాన కురిసింది. స్పాంజ్ పనులు చేసిన నగరమే, అయినా మెట్రో సొరంగంలో జనం ప్రాణాలు పోయాయి. ఇంకుడు తోటలు ఏటా పదే పదే వచ్చే చిన్న, మధ్యరకం వానలకు చేసినవి. అంత కుండపోతకు నేల ఎప్పుడో నిండిపోతుంది. అలాంటి రోజు కోసం నీళ్లు ఏ వీధిలో పారాలో ముందే నిర్ణయించి పెట్టాలి.

కోపెన్‌హేగన్ చేసింది అదే. 2011 జూలై 2న రెండు గంటల్లో సుమారు 150 మి.మీ. కురిసి నగరం మునిగింది. మరుసటి ఏడాదే ప్రణాళిక వేసుకున్నారు. వందేళ్ల వానలో కూడా వీధుల్లో నీళ్లు 10 సెంటీమీటర్లు మించకూడదన్నది లక్ష్యం. కొన్ని వీధులను నడుమ పల్లంగా మలిచి వరద దారులుగా చేశారు, పార్కులను లోతు చేశారు, నేల మీద కుదరని చోట్ల మాత్రమే సొరంగాలు. పైపులు పెంచుకుంటూ పోవడం కన్నా ఇది చవకని లెక్క తేలింది. వీధి వరద ఉన్న నగరాలకు నేను ముందుగా చూడమనేది దీన్నే. వాలును కొద్దిగా మార్చడానికి కొత్త స్థలం అక్కర్లేదు, రోడ్డు మళ్లీ వేసేటప్పుడు కలిపి చేసేయవచ్చు.

ఇంకే చోటు అని నమ్మే ముందు నేలను పరీక్షించండి. మోకాలి లోతు గుంత తవ్వి, నీళ్లు నింపి, ఇంకిపోయాక మళ్లీ నింపి, రెండోసారి గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. పొడి నేల మొదటిసారి గబగబా తాగేస్తుంది, ఆ అంకె మోసం చేస్తుంది. ఇసుక నేలలో పదుల మిల్లీమీటర్లు దిగుతాయి, బంకమట్టిలో కొద్ది మిల్లీమీటర్లే. భూగర్భ నీరు పైకొచ్చే వానాకాలంలోనే ఈ పరీక్ష చేయాలి. ఇంకని నేలలో ఇంకుడు గుంతల మీద డబ్బు పోయకుండా, నీళ్లు నిలిపి మెల్లగా వదిలే చెరువు పార్కుకు వెళ్లండి.

పెద్ద సొరంగాల గురించి ఒక్క మాట. టోక్యో శివార్లలో 2006లో పూర్తయిన 6.3 కి.మీ. సొరంగం నేలకు 50 మీటర్ల లోతున చిన్న నదుల వరదను ఎదో (Edo) అనే పెద్ద నదికి చేరవేస్తుంది. అది పనిచేస్తుంది. స్థలం ఏమాత్రం లేక, ఖజానా నిండుగా ఉన్నచోట పరిశీలించవచ్చు. దాంతో నదికి గానీ, నీడకు గానీ, పిల్లల ఆటకు గానీ ఒరిగేదేమీ లేదు.

ఎవరికి ఏది

నది వరద ఉండి, ఒడ్డున పొలాలో, ఖాళీ నేలో, పాత కర్మాగారాలో మిగిలి ఉంటే, వాటిని ఈరోజే వరద నేలగా కాపాడుకోండి. అక్కడ లేఅవుట్ పడ్డాక పదింతలు ఖర్చు పెట్టినా ఆ చోటు తిరిగి రాదు. నది ఇరుకై, ఒడ్డు పూర్తిగా నిండి ఉంటే, ఊళ్లో గోడ తప్పనిసరైన మేరకే కట్టి, ఎగువన నీళ్లు నిలిపే చోట్లు వెతకండి. కాంక్రీట్ కాలువ పక్కన పార్కో, బడి మైదానమో ఉంటే రెండూ కలపగలరేమో చూడండి, బిషాన్ గుట్టు అంతా అక్కడే ఉంది. వీధి వరదే సమస్య అయితే నది జోలికి పోకుండా రోడ్ల వాలు, పార్కుల లోతు మీద పెట్టండి. పోటు నీటితో వెనక్కి తన్నే చోట గేటు, పంపు, వాటి పక్కన నీళ్లు ఆగే చెరువు మూడూ కావాలి. చెరువు లేకుండా పంపు ఒక్కటే పెడితే అది ఎంత పెద్దదైనా చాలదు.

ఏది ఎంచుకున్నా నిర్వహణ ఖర్చును మొదటి రోజే రాసుకోండి. కాంక్రీట్ కాలువకూ పూడిక తీయాలి, పగుళ్లు పూడ్చాలి. పచ్చటి కాలువకు చేసే పని వేరు, దానికి కావాల్సిన మనుషులూ వేరే. హ్యూస్టన్‌లోని బఫెలో బయూ పార్కును మునిగినా తట్టుకునేలా 2015లో తీర్చిదిద్దారు. రెండేళ్లకే హార్వే తుఫాను వచ్చింది. పార్కు తట్టుకుంది, కానీ దారుల మీద, పచ్చిక మీద పేరుకున్న ఒండ్రును ఎత్తిపోయడానికి నెలలు పట్టింది. అందుకు యంత్రాలు దిగే ర్యాంపు, ఒండ్రు పోసే చోటు, మనుషులు, బడ్జెట్ ముందే ఉండాలి. గట్టు మీద నాటిన మొక్కలకు వేళ్లు పట్టేదాకా మట్టిని పట్టి ఉంచేది కొబ్బరిపీచుతో అల్లిన వల. మొదటి రెండు వానాకాలాల్లో అది ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, వెంటనే కుట్టి మళ్లీ నాటకపోతే ఆ చిరుగు దగ్గరే ఒడ్డు కోసుకుపోతుంది. కాబట్టి నాటిన రోజుతో కాంట్రాక్టర్ పని అయిపోకూడదు. కనీసం మూడేళ్లు ఒడ్లు, మొక్కలు, పూడిక అతని బాధ్యతే అని టెండర్‌లో రాయించండి, ఆ తర్వాత ఏ విభాగం ఏ పద్దు కింద చూసుకుంటుందో కూడా అదే కాగితం మీద ఉండాలి.